ఏఐ వచ్చాక జిల్లా కోర్టులో జూనియర్ వకీలు పని ఏమవుతుంది?

మీరు అడిగింది ఇది: అనంతపురంలో ఒక సివిల్ సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నారు, ఆఫీసులో నోటీసులు, ప్లెయింట్లు (దావా పత్రాలు) ఏఐతో రాయించడం మొదలైంది. ఇక జూనియర్ల అవసరం తీరిపోతుందా, ఏఐని ఎంతవరకు నమ్మొచ్చు, డబ్బు కట్టి ఏదైనా సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా?

సూటిగా చెప్తాను. రాతపనికి విలువ తగ్గిపోతోంది. పది పేజీల ప్లెయింటు టైపు చేయడం, పెద్ద తీర్పును ఒక పేజీకి కుదించడం, ఇంగ్లీషు అఫిడవిట్‌కు తెలుగు రాయడం, వీటికోసమే జూనియర్‌ను పెట్టుకునే పద్ధతి ఎక్కువ కాలం నిలవదు. అయితే రాసింది నిజమేనా, కక్షిదారుడి కాగితాలతో సరిపోతుందా, ఆ సెక్షన్ ఈరోజు అమల్లో ఉందా అని చూసే పని మాత్రం పెరిగింది. ఆ పని వచ్చిన జూనియర్‌కు గిరాకీ ఉంటుంది. ముసాయిదా ఏఐతో రాయించండి. వాస్తవం, తీర్పు, గడువు, లెక్క, ఈ నాలుగు మాత్రం దాని మాట మీద తీసుకోవద్దు.

ముందు తీర్పుల సంగతి. ఏఐ బీరువాలోంచి పుస్తకం తీసి చదవదు. ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాస్తుంది. సైటేషన్‌కు (తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే గుర్తుకు) ఒక స్థిరమైన వరుస ఉంది: సంవత్సరం, సంపుటం, రిపోర్టరు పేరు, పేజీ. ఆ వరుసలో నమ్మేటట్టు అంకెలు నింపడం దానికి చాలా తేలిక. ఏఎల్‌టీ, ఏఎల్‌డీ లాంటి మన రిపోర్టర్లు (తీర్పులు అచ్చువేసే పత్రికలు) చందా లేనిదే పూర్తిగా దొరకవు. అందువల్ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు కావాలని అడిగినప్పుడు కల్పనకు అవకాశం ఇంకా ఎక్కువ. ఇంటర్నెట్‌లో వెతికి జవాబిచ్చే ఏఐలు కొంత నయం. కానీ వాటితో ఇంకో ప్రమాదం ఉంది: తీర్పు నిజంగానే ఉంటుంది, అందులో లేని సూత్రాన్ని దానికి అంటగడతాయి. పేరు వెతికితే దొరుకుతుంది కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. నా దృష్టిలో పూర్తి కల్పిత తీర్పుకన్నా ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసు మీరు వినే ఉంటారు. ఏఐ ఇచ్చిన లేని తీర్పులను దాఖలు చేసినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఆ వకీలు 'ఇవి నిజమైన కేసులేనా' అని అదే ఏఐని అడిగారు, అది అవునంది. మన దేశంలోనూ బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పులు చేరాయని తేలి, ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఏఐని ఏఐతోనే సరిచూసుకోవడం సరిచూడటం కాదు.

సరిచూసే పద్ధతి ఇలా పెట్టుకోండి. ఏఐ ఇచ్చిన పార్టీల పేర్లతో సుప్రీంకోర్టు తీర్పుల సైటు ఈ-ఎస్‌సీఆర్‌లోనో, ఈ-కోర్ట్స్ జడ్జిమెంట్స్ పోర్టల్‌లోనో వెతకాలి. రెండూ ఉచితమే. దొరికితే పీడీఎఫ్ తెరిచి, ఏఐ చెప్పిన మాట ఏ పేరాలో ఉందో కళ్లతో చూడాలి. ఆ మాట కోర్టు తేల్చిన సూత్రమా, ఒక పక్షం వాదనను కోర్టు తిరిగి రాసిన చోటా అన్నది తేల్చుకోవాలి. వాదనను తీర్పుగా చూపడం ఏఐ తరచుగా చేసే తప్పు. ఆ తర్వాత పెద్ద బెంచి దాన్ని కొట్టేసిందేమో చూసి, అధికారిక పీడీఎఫ్‌నే ప్రింటు తీసి, పేరా గుర్తు పెట్టి మెమోతో వేయాలి. పోర్టల్‌లో దొరకని తీర్పు లైబ్రరీలో పుస్తకంలో కూడా కనబడకపోతే అది లేనట్టే అనుకుని వదిలేయండి, జడ్జిగారి ముందు దాని పేరెత్తవద్దు.

సెక్షన్ల గందరగోళం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. ఏఐ చదివి నేర్చుకున్న సమాచారంలో ఎక్కువ భాగం పాత ఐపీసీ, సీఆర్‌పీసీలదే. అన్నిటికన్నా ప్రమాదమైన అంకె 482. సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం, అంటే కేసు కొట్టేయమని కోరే క్వాష్ పిటిషన్. బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాష్ ఇప్పుడు 528. 'సెక్షన్ 482 కింద పిటిషన్ రాయి' అని ఒక్క ముక్క చెప్తే అది ఏది రాస్తుందో ఎవరూ చెప్పలేరు. పాత 420 (మోసం) ఇప్పుడు బీఎన్‌ఎస్ 318(4), పాత 498ఏ (భార్యపై వేధింపు) ఇప్పుడు 85, 86, మనోవర్తి 125 ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 144. అంతకన్నా ముఖ్యం, నేరం జరిగిన తేదీ 2024 జూలై 1కి ముందైతే శిక్షా సెక్షన్లు ఐపీసీవే, ఎఫ్‌ఐఆర్ ఆ తర్వాత కట్టినా సరే. ఏఐ ఎఫ్‌ఐఆర్ తేదీని పట్టుకుని బీఎన్‌ఎస్ సెక్షన్లు వేసేస్తుంది. కాబట్టి ప్రశ్నలోనే నేరం తేదీ, ఎఫ్‌ఐఆర్ తేదీ, మీరడుగుతున్న చట్టం పేరు మూడూ విడివిడిగా రాయండి.

భూమి దావాల్లో ఇంకో రకం తప్పులు వస్తాయి. మన రాష్ట్ర భూచట్టం, తెలంగాణ భూచట్టం దానికి కలిసిపోతాయి. ఆంధ్రప్రదేశ్ భూమి గురించి అడిగితే తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణిలో చూడమంటుంది. ధరణి మనది కాదు, మనకు మీభూమి పోర్టల్, అడంగల్ (సాగు, స్వాధీనం రికార్డు), 1-బి (హక్కుల రికార్డు). తెలంగాణలో కూడా ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. మన ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. అయినా అది అమల్లో ఉన్నట్టే చెప్పే జవాబులు వస్తాయి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన) భూమి కొన్న కక్షిదారులు మన జిల్లాల్లో చాలామంది. అక్కడ 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు హక్కులిచ్చిన 2023 సవరణ, 2024లో ఫ్రీహోల్డ్ (అమ్మకంపై ఆంక్షలు తొలగించిన) భూముల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం ఆపడం, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితా, ఇవన్నీ వరుసగా చూస్తే తప్ప సలహా చెప్పలేం. ఏఐ వీటిలో ఒకటి పట్టుకుని మిగతావి వదిలేస్తుంది.

ఇంజంక్షన్ దావా తీసుకుందాం, మీ ఆఫీసులో ఎక్కువగా వచ్చేది అదే అయివుంటుంది. 'నా పొలంలోకి పక్కవాడు వస్తున్నాడు, దావా రాయి' అంటే ఏఐ చక్కని ఇంగ్లీషులో శాశ్వత ఇంజంక్షన్ ప్లెయింటు రాసిస్తుంది. కానీ పక్కవాడు హక్కే తనదంటున్నాడా, కేవలం అడ్డం వస్తున్నాడా అన్నది అది అడగదు. హక్కు మీద మబ్బు పడినప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదని, హక్కు ప్రకటన కూడా కోరాలని సుప్రీంకోర్టు 2008లో అనాతుల సుధాకర్ కేసులో వివరంగా చెప్పింది. ప్రకటన కోరితే కోర్టు ఫీజు లెక్క మారుతుంది, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 కింద మూడేళ్ల గడువు వర్తిస్తుంది. తహసీల్దారును పార్టీ చేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 నోటీసుకు రెండు నెలలు ఆగాలి, లేదా 80(2) కింద అనుమతి అడగాలి. దావా గెలవడం, ఓడటం తేలేది ఈ ఎంపికల దగ్గరే. వీటికి కక్షిదారుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి, అదే జూనియర్ నేర్చుకోవాల్సిన అసలు పని.

ప్లెయింటులో ఆస్తి వివరాల షెడ్యూలు దగ్గర ఇంకా జాగ్రత్త. మీ నోట్సులో చెక్కుబందీ (నాలుగు హద్దులు) లేకపోతే ఏఐ తనంతట తానే తూర్పు రోడ్డు, పడమర ఫలానావారి పొలం అని నింపేస్తుంది. అది వెరిఫికేషన్ మీద కక్షిదారుడి సంతకంతో కోర్టుకు వెళ్తుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతన్నే ముంచుతుంది. అందుకని ప్రతి ముసాయిదా అడిగేటప్పుడు ఈ వాక్యం తప్పక చేర్చండి: 'నేనివ్వని పేరు, తేదీ, విస్తీర్ణం, హద్దు ఏదీ నువ్వు రాయొద్దు, ఖాళీ గీత పెట్టి చివర ఆ ఖాళీల జాబితా ఇవ్వు.' ఆ జాబితానే కక్షిదారుడిని అడగాల్సిన ప్రశ్నలుగా వాడుకోవచ్చు. నాకు ఏఐ వల్ల కనబడే పెద్ద ఉపయోగాల్లో ఇదొకటి.

పాత దస్తావేజుల ఫొటో పెట్టి చదవమంటే? అచ్చు తెలుగు ఇప్పుడు బాగానే చదువుతోంది. చేతిరాత మాత్రం నమ్మలేం. ఎ.3-47 సెంట్లను (3 ఎకరాల 47 సెంట్లను) 3 నుంచి 47 వరకు అన్నట్టు రాయడం, సర్వే నంబరు సబ్ డివిజన్ వదిలేయడం, తెలుగు అంకెలు తప్పుగా చదవడం మామూలు. ఫసలీ (రెవెన్యూ రికార్డుల) సంవత్సరాన్ని క్రీస్తుశకం అనుకుంటుంది. ఫసలీకి 590 కలపాలి, ఫసలీ 1387 అంటే 1977 జూలై నుంచి 1978 జూన్ వరకు. అడంగల్‌లో స్వాధీనం ఎప్పటినుంచి అన్నది దీని మీదే ఆధారపడుతుంది. అనువాదంలో కూడా గుత్త (కౌలు), భోగ్యం తాకట్టు (అప్పు తీరేదాకా భూమిని అనుభవించే తాకట్టు), పారీఖత్తు (భాగపరిష్కార పత్రం) లాంటివి వచ్చినచోట ఆగి చూడండి. గుత్తకు చేశాడన్న సాక్ష్యం కాంట్రాక్టుగా మారిపోతే కౌలు వాదనే పోతుంది. సుప్రీంకోర్టు 2019 నుంచి సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ వాడుతోంది, తెలుగులోకి కూడా తీర్పులు వస్తున్నాయి. అవి కక్షిదారుడికి అర్థం కావడానికి పనికొస్తాయి, కోర్టులో ఆధారం మాత్రం ఇంగ్లీషు మూలమే.

గడువులు, లెక్కలు. ధర్మవరం పట్టు వ్యాపారుల చెక్కు బౌన్సు కేసులు అనంతపురం ఆఫీసులకు కొత్తవి కావు. చెక్కు తిరిగొచ్చిందని చెప్పే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు *అందినప్పటినుంచి* 15 రోజులు అవతలివారికి డబ్బు కట్టడానికి టైము. అది దాటాక ఒక నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఏఐ రెండుచోట్ల తప్పుతుంది: 15 రోజులను నోటీసు పంపిన తేదీ నుంచి లెక్కేస్తుంది, నెలను 30 రోజులుగా మారుస్తుంది. ఇంకోటి, అడగకుండానే వడ్డీ, ఫీజు కలిపి ఒకే మొత్తంగా నోటీసులో రాసేస్తుంది. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మొత్తమే అయివుండాలని, టైపింగు పొరపాటన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 2025లో కావేరి ప్లాస్టిక్స్ కేసులో చెప్పింది. వడ్డీ, ఖర్చులు అడగదలిస్తే చెక్కు మొత్తం విడిగా, స్పష్టంగా కనబడాలి.

మోటారు ప్రమాదాల క్లెయిములకు లెక్క ఎలా వెయ్యాలో చెప్తాను, ఏఐ ఇచ్చే అంకెను దీనితో పోల్చుకోండి. 44వ జాతీయ రహదారి మీద ప్రమాదంలో 38 ఏళ్ల స్వయం ఉపాధి మనిషి చనిపోయాడు, నెలకు 15,000 ఆదాయం, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డారు అనుకుందాం. ఏడాదికి 1,80,000. సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ (2017) తీర్పు ప్రకారం 40 లోపు స్వయం ఉపాధికి భవిష్యత్ ఆదాయం 40 శాతం కలిపితే 2,52,000. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి నాలుగో వంతు తీసేస్తే 1,89,000. సరళా వర్మ (2009) తీర్పు ప్రకారం 36-40 వయసుకు గుణకం 15. మొత్తం 28,35,000. దీనికి కన్సార్టియం (మనిషి తోడు పోయినందుకు పరిహారం), అంత్యక్రియలు, ఎస్టేటు పద్దులు చేరతాయి. కన్సార్టియం భార్యకే కాదు, పిల్లలకూ తల్లిదండ్రులకూ ఉంటుందని మాగ్మా (2018) తీర్పు. ఏఐ సాధారణంగా చేసే తప్పులు: శాశ్వత ఉద్యోగికిచ్చే 50 శాతం ఇక్కడ కలపడం, మూడో వంతు తీసేయడం, కన్సార్టియం ఒక్కరికే వేయడం. 2022 ఏప్రిల్ నుంచి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) కింద క్లెయిముకు ఆరు నెలల గడువు తిరిగి వచ్చిందన్న సంగతి కూడా వదిలేస్తుంది, ఎందుకంటే అంతకుముందు చాలా ఏళ్లు గడువు లేదు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది కాబట్టి, ఫైల్ చేసేనాటి స్థితి చూసుకుని వేయండి.

ఇక ఏఐ నిజంగా బాగా చేసేవి. పెద్ద రికార్డును తేదీల వరుసలో పెట్టడం. సాక్షి కోర్టులో వేసిన చీఫ్ అఫిడవిట్‌నూ, బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు పట్టడం. ఇక్కడ ప్రతి తేడాకూ పేజీ, పేరా నంబరు ఇమ్మని అడిగి, ఒక్కొక్కటీ మూలంలో చూసుకోండి. అవతలి పక్షం ఏం వాదించవచ్చో రాయించడం కూడా మంచి అలవాటు. క్రాస్ ప్రశ్నలు మాత్రం దాంతో రాయించి అలాగే చదవొద్దు. 'ఎందుకు', 'ఎలా' అని సాక్షికి తలుపు తెరిచే ప్రశ్నలు వేస్తుంది. క్రాస్‌లో అవునో కాదో అనిపించే ప్రశ్న కావాలి, అది సాక్షి ముఖం చూస్తూ నిలబడితేనే వస్తుంది.

కక్షిదారుడి రహస్యం. సాక్ష్య అధినియమ్ సెక్షన్ 132 ప్రకారం కక్షిదారుడి అనుమతి లేకుండా అతను చెప్పింది వకీలు బయటపెట్టకూడదు. ఉచిత ఏఐలో కేసు కాగితాలు అప్‌లోడ్ చేయడమంటే మూడో మనిషి సర్వర్‌కు పంపడమే. లైంగిక నేరాల కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం, ఆ ఫైళ్లు అసలు పెట్టకండి. మిగతావాటిలో పేర్లకు బదులు వాది-1, ప్రతివాది-2 అని, సర్వే నంబరుకు ఒక గుర్తు, ఊరికి ఒక గుర్తు పెట్టి, ఏది ఎవరో తెలిపే కాగితం ఆఫీసు ఫైల్లో ఉంచండి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు తీసేయండి. సెట్టింగుల్లో సంభాషణలను శిక్షణకు వాడకుండా ఆపే మీట ఉంటే ఆపండి. ఇదంతా సీనియర్‌కు చెప్పి, ఒప్పించి చేయండి, ఆఫీసు ఆయనది.

సాక్ష్యం వైపు మార్పు గురించి తక్కువమంది మాట్లాడుతున్నారు, నాకైతే రాబోయే ఏళ్లలో జూనియర్లకు ఎక్కువ పని అక్కడే కనబడుతోంది. గొంతును, ఫొటోను నకిలీ చేయడం తేలికైంది. ఇక ప్రతి వాట్సాప్ ఆడియో మీద 'ఇది ఏఐతో చేసింది' అన్న అభ్యంతరం వస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డులకు సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) అడిగే సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలు: ఒకటి పార్టీది, ఇంకోటి నిపుణుడిది, రెండింటిలోనూ హ్యాష్ విలువ (ఫైలుకు డిజిటల్ వేలిముద్ర లాంటిది) రాయాలి. కక్షిదారుడు ఫోను తెచ్చిన రోజే మూల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, తేదీతో నమోదు చేయండి. ఆ ఆడియోనో వీడియోనో ఎడిట్ చేసి దాచుకుంటే హ్యాష్ మారిపోతుంది. ఫొటోను వాట్సాప్‌లో మీకు పంపమంటే కుదించబడి వేరే ఫైలవుతుంది. ఫోను అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని కక్షిదారుడికి రాతపూర్వకంగా చెప్పండి. ఈ పని తెలిసిన జూనియర్లు కర్నూలు, కడప, అనంతపురం బార్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారని నా అంచనా.

కోర్టుల వైపు నుంచి కూడా కట్టుబాట్లు వస్తున్నాయి. కేరళ హైకోర్టు 2025 జూలైలో తన జిల్లా కోర్టులకు ఏఐ విధానం ఇచ్చింది, తీర్పు చెప్పడానికి, కారణాలు రాయడానికి ఏఐ వాడకూడదంది. వకీళ్లకు మన దగ్గర వేరే నియమం ఉన్నా లేకపోయినా, తప్పుడు తీర్పు దాఖలు చేస్తే వృత్తి దుష్ప్రవర్తనకు శిక్షించే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 ఎలాగూ ఉంది. 'ఏఐ ఇచ్చింది' అన్నది అక్కడ సమాధానం కాదు, సంతకం మీది.

నిజంగా దెబ్బ పడేది కోర్టు బయట కూర్చునే టైపిస్టులకు, దస్తావేజు లేఖరులకు. ఇది బాధగానే ఉంది, దాచి చెప్పలేను. వాళ్లలో పాత అను ఫాంటు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం, ఈ-ఫైలింగ్‌కు పీడీఎఫ్ బుక్‌మార్కులు పెట్టడం నేర్చుకున్నవాళ్లు నిలబడతారు. అను ఫాంటులో ఉన్నదాన్ని అలాగే ఏఐలో అతికిస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి, మీరూ గమనించుకోండి.

డబ్బు పెట్టాలా అన్నదానికి: మొదటి ఏడాది అక్కర్లేదు. ఈ-ఎస్‌సీఆర్, ఈ-కోర్ట్స్ పోర్టల్, ఇండియా కోడ్‌లో చట్టాల మూలపాఠం, ఏదైనా ఒక ఉచిత ఏఐ, ఇవి చాలు. చందా కట్టి వాడే తీర్పుల సైట్లు ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటివాటిలో ఇప్పుడు ఏఐ కూడా చేర్చారు, అవి తమ సొంత తీర్పుల నిల్వ నుంచి చెప్తాయి కాబట్టి కల్పన తక్కువ. ఒక్కరికి చందా బరువైతే బార్ అసోసియేషన్ లైబ్రరీ పేరు మీద తీసుకోమని అడగండి. ఏది కొన్నా, కొనే ముందు మీ ఆఫీసులో ఇప్పటికే తీర్పు వచ్చేసిన పాత ఫైలు ఒకటి తీసి, పేర్లు మార్చి, దాని చేత రాయించండి. మీ సీనియర్ రాసిన ప్లెయింటుతో పేరా పేరా పోల్చి చూడండి. ఏ సంగతి వదిలేసిందో, ఏది కల్పించిందో ఆ ఒక్క పరీక్షలోనే మీకు తెలుస్తుంది.